హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం
ఇతివృత్తం : హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర
ఉద్దేశం : ఒక నగరం, ఒక జట్టు, ఒక ఉపాధ్యాయుడు కలిసి సాధించిన ఘనకార్యాన్ని తెలియజేయడం, సాధించినదానిని నిలుపుకోవడంలోని కష్టాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

నేపథ్యం

నేడు హైదరాబాదు పేరు చెప్పగానే క్రికెట్టు, బాడ్మింటన్ గుర్తుకు వస్తాయి. కాని 20వ శతాబ్దపు మధ్యభాగంలో ఈ నగరం భారతదేశ ఫుట్‌బాల్ రాజధానులలో ఒకటిగా ప్రసిద్ధి చెందినది. ఆ కాలంలో హైదరాబాదు పోలీసు జట్టు బొంబాయిలోను, దిల్లీలోను ఆడుతున్నదంటే క్రీడాభిమానులు తండోపతండాలుగా తరలివచ్చేవారు. ఆ వైభవం ఎట్లా వచ్చినది? ఎందుకు తరిగినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే ప్రస్తుత పాఠ్యభాగం.

పాఠం

మహాభారతంలో ద్రోణాచార్యుని ప్రవేశం ఒక ఆటతో ముడిపడి ఉన్నది. హస్తినాపురంలో రాజకుమారులు బంతియాట ఆడుకొంటుండగా బంతి నూతిలో పడినది. నూటికి పైగా ఉన్న ఆ కుమారులలో ఒక్కరికైనా దానిని పైకి తీసే ఉపాయం తోచలేదు. అప్పుడు అటుగా వచ్చిన ఒక పేద బ్రాహ్మణుడు బాణం వెనుక బాణం సంధించి, వాటిని గొలుసువలె కూర్చి, బంతిని అవలీలగా వెలికి తీశాడు. ఆ వార్త విని భీష్ముడు ఆయనను పిలిపించి కుమారులను అప్పగించాడు. నూతిలో పడిన బంతి గురుశిష్య సంబంధానికి కారణమైనది. కందుకక్రీడ మన సాహిత్యానికి కొత్త కాదని చెప్పడానికి మాత్రమే ఈ కథను స్మరించడం లేదు. ఆటగాళ్లు ఎందరున్నా గురువు వచ్చినప్పుడే ఆట విద్యగా మారుతుందన్న సత్యం ఇందులో ఉన్నది. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలోను సరిగ్గా ఇదే జరిగినది.

ఫుట్‌బాల్ మన నేలకు ఆంగ్లేయ సైనికులతో వచ్చినది. సికింద్రాబాదు, బొల్లారం దండు ప్రాంతాలలో సైనికులు సాయంకాలం ఆడుకొనే ఆటను చుట్టుప్రక్కల బాలురు గట్టుమీద నిలబడి చూచేవారు. చూచినవారు క్రమంగా ఆడనారంభించారు. క్రికెట్టుకు బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి, చదును చేసిన పిచ్ కావాలి. ఫుట్‌బాల్‌కు ఒక్క బంతి ఉంటే చాలు. కాళ్లకు బూట్లు లేకున్నా ఆగని ఆట అది. అందువలననే పేదవాడల పిల్లలు దీనిని తమ ఆటగా చేసికొన్నారు. దండులో పనిచేసే తమిళ కుటుంబాలవారు, పాతబస్తీ ముస్లిములు, ఆంగ్లో ఇండియనులు, తెలుగువారు ఒకే మైదానంలో కలిసి ఆడేవారు. భాషలు వేరైనా బంతి భాష ఒక్కటే.

1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం ఏర్పడినది. నగర పోలీసు జట్టు కూడ ఆ కాలంలోనే రూపుదిద్దుకొన్నది. పోలీసు ఉన్నతాధికారి శివకుమార్ లాల్ ఆ జట్టుకు అండగా నిలిచారు. ప్రతిభగల యువకులను పోలీసు ఉద్యోగాలలో చేర్చుకోవడం, వారికి జీతంతోపాటు ఆడుకొనే అవకాశం కల్పించడం ఈ జట్టు ప్రత్యేకత. ఆనాడు ఫుట్‌బాల్ ఆటగానికి ఆటవలన జీవనం గడిచేది కాదు. పేద కుటుంబంలో పుట్టిన యువకుడు ఇరవై ఏండ్లు రాగానే ఆట మాని కూలికో, నౌకరికో పోవలసివచ్చేది. పోలీసు ఉద్యోగం ఆ ఆపదను తప్పించినది. తల్లిదండ్రులకు నెలనెలా జీతం ముట్టేది. కుమారునికి మైదానం దక్కేది. జట్టు బలానికి మొదటి పునాది ఈ భద్రతయే.

రెండవ పునాది సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. విద్యార్థిగా ఉన్నప్పుడే మంచి ఆటగానిగా పేరు పొందారు. అనంతరం పాఠశాల ఉపాధ్యాయునిగా జీవితం ప్రారంభించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల బోధించారు. వ్యాయామవిద్యలోను శిక్షణ పొందారు. 1940వ దశకంలో ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి బాధ్యతను స్వీకరించి తుదిశ్వాస వరకు దానిని వీడలేదు. 1950లో పోలీసు జట్టుకు శిక్షకులైనారు. అందరు ఆయనను గౌరవంతో 'రహీమ్ సాబ్' అని పిలిచేవారు. ఆయన మొదట ఉపాధ్యాయుడు, తరువాతనే శిక్షకుడు. ఈ క్రమాన్ని గుర్తుంచుకుంటేనే ఆయన పద్ధతి అర్థమవుతుంది.

మంచి ఉపాధ్యాయుడు విద్యార్థికి వచ్చినదానిని మెచ్చుకొని ఊరుకోడు. రానిదానిని కనిపెట్టి నేర్పుతాడు. మన ఆటగాళ్లలో చాలామందికి ఆ కాలంలో రెండు బలహీనతలుండేవి. మొదటిది, బంతి దొరికినదే తడవుగా ఒంటరిగా ప్రత్యర్థులను తప్పించుకొంటూ పరుగెత్తడం. ప్రేక్షకుల చప్పట్లు దానికే ఎక్కువ. రెండవది, కుడికాలును మాత్రమే నమ్ముకోవడం. రహీమ్ ఈ రెండు లోపాలకు రెండు విచిత్రమైన మందులు కనిపెట్టారు. బంతిని కాలితో ఆడిస్తూ ముందుకు పోవడమే నిషిద్ధమైన పోటీలను ఆయన హైదరాబాదులో నిర్వహించారు. అటువంటి పోటీలో బంతి అందగానే సహచరునికి పంపక తప్పదు. కాబట్టి బంతి రాకముందే ఎవరు ఎక్కడ ఉన్నారో చూచి ఉండాలి. తల ఎత్తి ఆడే అలవాటు అట్లా ఏర్పడినది. అట్లాగే బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలను కూడ ఏర్పాటు చేశారు. మొదట నవ్వులాటగా కనిపించినా, కొన్ని నెలలకు రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ఆటగాళ్లు తయారైనారు.

ఈ శిక్షణలో దాగిన సూక్ష్మం ఒకటున్నది. మనిషి కంటె బంతి వేగంగా పోతుంది. పదిమంది చక్కగా అందించుకొంటే ఎంతటి వేగశాలియైనా ఆ బంతిని అందుకోలేడు. ఆకారంలో చిన్నవారైన మన ఆటగాళ్లు బలిష్ఠులైన విదేశీయులను ఎదిరించడానికి ఇదొక్కటే మార్గమని రహీమ్ గ్రహించారు. దేహబలం లేని చోట సమష్టి బుద్ధిబలంతో గెలవాలన్నది ఆయన సిద్ధాంతం.

ఫలితం వెంటనే కనిపించినది. భారతదేశంలో ఆనాడు మూడు పోటీలు ముఖ్యమైనవి. కలకత్తాలో జరిగే ఐ.ఎఫ్.ఏ. షీల్డు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు, 1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండ్ కప్పు. వీటిలో రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు గెలుచుకొన్నది. తరువాత 1957లోను, ఆపై ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో 1960లోను విజేతగా నిలిచినది. 1962లో ఈస్ట్ బెంగాల్ జట్టుతో కలిసి సంయుక్త విజేత అయినది.

డ్యూరాండ్ కప్పు విజయం మరింత గమనార్హం. కొన్నేండ్లు నిలిచిపోయిన ఆ పోటీ 1950లో దిల్లీలో పునఃప్రారంభమైనది. అంతకు ముందు 1940లో మొహమ్మడన్ స్పోర్టింగ్ తప్ప ఏ భారతీయ జట్టు ఆ కప్పును గెలువలేదు. 1950 తుది పోటీలో హైదరాబాదు పోలీసు జట్టు ప్రఖ్యాత మోహన్ బగాన్‌ను ఎదుర్కొన్నది. మొదటి రోజు ఆట సమానంగా ముగిసినది. మరల జరిపిన పోటీలో హైదరాబాదు ఒక గోలు తేడాతో గెలిచినది. 1948 సెప్టెంబరులో భారత యూనియన్‌లో విలీనమై, ఇంకా గాయాలు మానని హైదరాబాదు సంస్థానానికి ఆ విజయం ఎంతటి ఊరటనిచ్చినదో ఊహించవచ్చు. స్వతంత్ర భారతంలో మొదటి డ్యూరాండ్ కప్పు దక్కన్ నేలకు చేరినది. 1954, 1957, 1961 సంవత్సరాలలో కూడ ఆ కప్పు మన జట్టునే వరించినది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58 పోటీలలో వరుసగా రెండుసార్లు సాధించినది.

దేశంలో గెలిచినంత మాత్రాన లోకం అంగీకరించదు. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారతజట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయినది. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఆ పరాజయం తరువాత జాతీయ పోటీలలో బూట్లు ధరించడం తప్పనిసరి అయినది. అవమానాన్ని గుణపాఠంగా మార్చుకోవడమే గొప్పవారి లక్షణం. 1953 నవంబరులో హంగరీ జట్టు ఇంగ్లండును దాని స్వంత మైదానమైన వెంబ్లీలో 6-3 తేడాతో ఓడించినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయినది. నడిమి ముందువరుస ఆటగాడు వెనుకకు వచ్చి బంతిని పంచిపెట్టడం హంగరీ వ్యూహంలోని కీలకం. రహీమ్ ఇటువంటి నూతన పద్ధతులను శ్రద్ధగా అధ్యయనం చేసి భారతజట్టుకు అలవరచారు.

నాలుగేండ్ల తరువాత దాని ఫలం దక్కినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారతజట్టుకు రహీమ్ శిక్షకులు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ మొదలైన హైదరాబాదు, సికింద్రాబాదు బిడ్డలు ఆ జట్టులో ఉన్నారు. డిసెంబరు 1న భారత్ ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించినది. అందులో బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ చరిత్రకెక్కినది. తరువాత యుగోస్లావియా చేతిలోను, కాంస్య పతకపు పోటీలో బల్గేరియా చేతిలోను ఓడి నాలుగవ స్థానంతో తృప్తిపడవలసివచ్చినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించిన స్థానాన్ని నేటికీ పొందలేదు. ఆ సంవత్సరం నవంబరు 1ననే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించినది. సరిగ్గా నెల తిరిగేసరికి ఈ నేల బిడ్డలు సముద్రాల ఆవల దేశగౌరవాన్ని నిలిపారు.

వీరిలో తులసీదాస్ బలరాం జీవితం ప్రత్యేకంగా పేర్కొనదగినది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో ఆయన జన్మించారు. బూట్లు కొనే స్తోమత లేని బాలుడు రహీమ్ కంటబడి, పందొమ్మిది ఇరవై ఏండ్ల ప్రాయంలోనే ఒలింపిక్ ఆటగాడైనాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆనాటి మేటి జట్టు హంగరీపైన గోలు చేశాడు. 1962లో అర్జున పురస్కారం పొందాడు. అనారోగ్యం వలన మరుసటి యేడే ఆటకు దూరమైనాడు. బెంగాల్‌లో స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. కోల్‌కతా క్రీడాభిమానులు ఆయనను చివరివరకు తమవానిగా భావించారు. ఆయన పుట్టిన ఊరివారిలో ఎందరికి ఆయన పేరు తెలుసు? ఈ ప్రశ్న మనను మనమే వేసుకోవలసినది.

రహీమ్ జీవితంలో చివరి ఘట్టం జకార్తాలో జరిగినది. 1962 ఆసియా క్రీడల నాటికే ఆయనను క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నది. తొలి పోటీలో భారత్ దక్షిణ కొరియా చేతిలో ఓడినది. తరువాత థాయిలాండును, జపానును, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను ఓడించి తుది పోటీకి చేరినది. అక్కడ ఎదురైనది మరల దక్షిణ కొరియాయే. వాతావరణం కూడ ప్రతికూలంగా ఉన్నది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానీయకపోవడాన్ని భారత క్రీడాధికారి ఒకరు విమర్శించినందున స్థానిక ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. క్రిక్కిరిసిన స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా నినదిస్తున్నది. జట్టులో ముఖ్య రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయనను తప్పించలేదు. వెనుక వరుస నుండి ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఆ పోటీలో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ మరొక గోలు చేయగా భారత్ 2-1 తేడాతో గెలిచి బంగారుపతకము సాధించినది. గోలు కాపాడినవాడు సికింద్రాబాదు క్లబ్బులలో ఆట నేర్చిన పీటర్ తంగరాజ్. గాయపడినవానిని గాయం అడ్డురాని చోట నిలబెట్టడం గురువు నేర్పు.

తొమ్మిది నెలల తరువాత 1963 జూన్ 11న రహీమ్ పరమపదించారు. అప్పటికాయన వయస్సు యాభైనాలుగేండ్లు కూడ నిండలేదు. ఉత్తమ శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు. ఆ పేరుకు తగిన వ్యక్తి అంతకు ఇరవై రెండేండ్ల ముందే వెళ్లిపోయారు. ఆయన జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలైన తరువాతనే ఈ తరంలో చాలామందికి ఆయన పేరు తెలిసినది.

రహీమ్ వెళ్లినా ఆయన వేసిన విత్తనాలు కొంతకాలం ఫలించాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం సాధించిన భారతజట్టుకు నాయకుడు హైదరాబాదీయుడైన సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులోనివాడే మహమ్మద్ హబీబ్. 1977 సెప్టెంబరులో ప్రపంచ ప్రఖ్యాతుడైన పెలే కలకత్తాకు వచ్చి కాస్మోస్ జట్టు తరఫున మోహన్ బగాన్‌తో ఆడినప్పుడు, 2-2తో ముగిసిన ఆ ఆటలో హబీబ్ ఒక గోలు చేశాడు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు కూడ దేశం మెచ్చిన ఆటగాళ్లే. అయితే వీరిలో అధికులు పేరు తెచ్చుకొన్నది కలకత్తా క్లబ్బులలో. ఇక్కడ మొలిచిన పైరు అక్కడ పండినది.

ఈ క్షీణతకు కారణాలేమి? మొదటిది, కలకత్తా క్లబ్బులు ఇచ్చే ధనాన్ని, పేరును మన నగరం ఇవ్వలేకపోయినది. రెండవది, సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చే ఆచారం తగ్గినది. మూడవది, నగరం పెరిగినకొద్దీ మైదానాలు భవనాలుగా మారినవి. నాలుగవది, 1983 తరువాత క్రికెట్టు జనాదరణ ముందు ఇతర క్రీడలు వెలవెలబోయినవి. అన్నింటికంటె ముఖ్యమైన కారణం మరొకటి. రహీమ్ నేర్పిన విద్య ఒక సంస్థగా స్థిరపడలేదు. గురువు ఒక్కడే విద్యాలయమైనప్పుడు గురువుతోపాటే విద్యాలయం మూతపడుతుంది.

ఈ సందర్భంలో దూరదేశపు ఉదాహరణ ఒకటి పరిశీలించడం ఉచితం. పోలండ్ దేశంలో సైలీషియా అనే బొగ్గుగనుల ప్రాంతం ఉన్నది. మన సింగరేణి వంటి నేల అది. అక్కడ జాబ్జె అనే పట్టణంలో 1948 డిసెంబరులో 'గూర్నిక్' అనే క్లబ్బు ఏర్పడినది. పోలిష్ భాషలో గూర్నిక్ అంటే గని కార్మికుడని అర్థం. మన జట్టుకు పోలీసు శాఖ అండయైనట్లే ఆ జట్టుకు గనులు అండ అయినవి. మనవారు 1950 నుండి అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినట్లే, వారు 1963 నుండి 1967 వరకు వరుసగా అయిదుసార్లు పోలండ్ విజేతలైనారు. 1970లో యూరప్ కప్పు విజేతల పోటీలో తుది పోరుకు చేరి మాంచెస్టర్ సిటీ చేతిలో 2-1 తేడాతో ఓడారు. 1988 నాటికి మొత్తం పద్నాలుగు పర్యాయములు జాతీయ విజేతలైనారు. తరువాత వారికీ కష్టకాలం వచ్చినది. సామ్యవాద వ్యవస్థ కూలినది. గనులు ఒక్కొక్కటిగా మూతపడినవి. 2009లోను, 2016లోను జట్టు క్రింది శ్రేణికి దిగజారినది. అయినా రెండుసార్లూ మరుసటి సంవత్సరమే మరల పైకి వచ్చినది. గనులు మూతబడినా క్లబ్బు మూతపడలేదు. స్వంత మైదానం, తరతరాల అభిమానులు, జట్టును తమదిగా భావించే పట్టణం, ఈ మూడూ దానిని నిలిపినవి. ఆరంభంలో రెండు జట్ల కథ ఒక్కటే. ముగింపులో మాత్రం వేరైనది.

మన నగరంలో పునరుజ్జీవన యత్నాలు జరుగకపోలేదు. 2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తి క్లబ్బు ఏర్పడి ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించినది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన తుది పోటీలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేతగా నిలిచినది. గోలు కాపరి లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకొన్నాడు. నగరం మరల ఫుట్‌బాల్ పేరు పలికినది. కాని రెండు సంవత్సరాలు తిరుగకముందే ధనకొరత దానిని చుట్టుముట్టినది. ఆటగాళ్లు ఒక్కొక్కరే వీడిపోయారు. 2025లో ఆ క్లబ్బు దిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొన్నది. పెట్టుబడితో వచ్చినది పెట్టుబడితోనే పోయినది. కప్పు గెలవడానికి మూడేండ్లు చాలు. క్లబ్బు నిలవడానికి మూడు తరాలు కావాలి.

అయితే నిరాశ చెందనవసరం లేదు. మన నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య నేడు భారత మహిళాజట్టులో ఆడుతున్నది. 2022లో ఆమె క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ మహిళాజట్టులో చేరినది. ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి 2024-25లో భారత మహిళల లీగు విజేత జట్టులో భాగస్వామి అయినది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణి పురస్కారాన్ని ఆమెకు ప్రదానం చేసినది. దండు బాలుర ఆటగా మొదలైనది నేడు తండా బాలికలకు కూడ చేరినది. ఇంతకంటె శుభసూచకం ఏమున్నది?

పెర్కిట్‌లో పసుపు పంట చేతికి వచ్చే దినాలలో ఊరంతా ఆ వాసనయే. త్రవ్విన కొమ్ములను ఉడికించి కల్లాల మీద పరచి ఎండబెడతారు. రైతు రోజూ వాటిని తిరగవేస్తాడు. ఎండ చాలకపోయినా, తేమ తగిలినా కొమ్ము చెడిపోతుంది. పంట అమ్ముడైన తరువాత ఖాళీ అయిన ఆ కల్లాలే పిల్లలకు మైదానాలు. రెండు రాళ్లు అటు, రెండు రాళ్లు ఇటు నిలిపి, పాదాలకు పసుపు పొడి అంటగా బంతి వెంట పరుగెత్తే పిల్లలను చూచినప్పుడల్లా ఈ వ్యాసకర్తకు అమ్ముగూడ బాలుడే గుర్తుకు వస్తాడు. మరుసటి యేటి పంటకు రైతు మేలైన కొమ్ములను విత్తనంగా దాచిపెడతాడు. ఎంత ధర పలికినా వాటిని అమ్ముకోడు. హైదరాబాదు పండించిన బంగారుపంటలో విత్తనపు పాలు దాచినవారు లేకపోయినారు. ఆట విషయంలో విత్తనమంటే గురువులు, మైదానాలు, చిన్నపిల్లల జట్లు. వీటిని కాపాడుకొన్న ఊరిలో బంతి నూతిలో పడినా వెలికి తీసే ద్రోణుడు ఏనాటికైనా రాకపోడు.

కఠిన పదాలకు అర్థాలు

కందుకము = బంతి
అవలీలగా = సులభంగా, ఆడుతూపాడుతూ
తండోపతండాలుగా = గుంపులు గుంపులుగా
దండు = సైన్యం విడిసి ఉండే ప్రదేశం
నిషిద్ధము = కూడదని చెప్పబడినది
బలిష్ఠులు = మిక్కిలి బలము గలవారు
సమష్టి = అందరి కలయిక
ప్రఖ్యాత = పేరుపొందిన
స్తోమత = శక్తి, ఆర్థికబలం
పరమపదించు = మరణించు
క్షీణత = తరుగుదల
పునరుజ్జీవనము = మరల ప్రాణం పోసుకోవడం
కల్లము = పంటను ఆరబెట్టి, నూర్చే స్థలం

అభ్యాసం

*I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.*

1. హైదరాబాదు పోలీసు జట్టు సాధించిన విజయాలను, వాటికి దోహదం చేసిన అంశాలను వివరించండి.
2. ఉపాధ్యాయునిగా, శిక్షకునిగా రహీమ్ అనుసరించిన పద్ధతులను విశ్లేషించండి.
3. హైదరాబాదు పోలీసు జట్టును, పోలండ్ దేశపు గూర్నిక్ క్లబ్బును పోల్చి, సామ్యభేదాలను తెలపండి.

*II. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.*

1. రచయిత ద్రోణాచార్యుని కథతో పాఠాన్ని ఎందుకు ఆరంభించారు?
2. ఫుట్‌బాల్ పేదవాడల పిల్లల ఆట ఎందుకైనది?
3. 1962 జకార్తా తుది పోటీలో భారతజట్టుకు ఎదురైన ప్రతికూలతలేవి?
4. తులసీదాస్ బలరాం గురించి వ్రాయండి.
5. పసుపు విత్తనాన్ని రచయిత దేనితో పోల్చారు? ఆ పోలికలోని ఔచిత్యమేమి?

*III. క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.*

1. "భాషలు వేరైనా బంతి భాష ఒక్కటే."
2. "ఇక్కడ మొలిచిన పైరు అక్కడ పండినది."
3. "గురువు ఒక్కడే విద్యాలయమైనప్పుడు గురువుతోపాటే విద్యాలయం మూతపడుతుంది."
4. "కప్పు గెలవడానికి మూడేండ్లు చాలు, క్లబ్బు నిలవడానికి మూడు తరాలు కావాలి."

*IV. వ్యాకరణం*

సంధులు :
క్రీడాభిమానులు = క్రీడా + అభిమానులు – సవర్ణదీర్ఘ సంధి
గమనార్హము = గమన + అర్హము – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేకము = ప్రతి + ఏకము – యణాదేశ సంధి
ఏమున్నది = ఏమి + ఉన్నది – ఇత్వ సంధి

సమాసాలు :
గురుశిష్యులు = గురువును, శిష్యుడును – ద్వంద్వ సమాసం
కందుకక్రీడ = కందుకముతో క్రీడ – తృతీయా తత్పురుష సమాసం
ధనకొరత = ధనము యొక్క కొరత – షష్ఠీ తత్పురుష సమాసం
అయిదు సంవత్సరాలు = అయిదు అను సంఖ్య గల సంవత్సరాలు – ద్విగు సమాసం

*V. ప్రాజెక్టు పని*

మీ ఊరిలోగాని, సమీప పట్టణంలోగాని ఒకప్పుడు పేరుపొందిన క్రీడాజట్టును గురించి పెద్దలను అడిగి తెలుసుకొనండి. ఆ జట్టు ఎవరి అండతో ఏర్పడినది, ఏ మైదానంలో ఆడేది, ఇప్పుడు ఆ మైదానం ఏ స్థితిలో ఉన్నది అనే విషయాలతో ఒక వ్యాసం వ్రాయండి.